వేళ్ళు

ఆనందపురం దాటాక, కొండ వెనక
పన్నెండెకరాల జీడితోట ఉండేది.
ఇప్పుడక్కడ పసుపు రంగేసిన రాళ్ళున్నాయి.
నలభై ఒకటో రాయి పక్కన మా రేకుల షెడ్డు,
షెడ్డులో నులకమంచం,
మంచం మీద నేనూ, పదకొండు రోజుల నా కూతురూ.

కరెంటు స్తంభాలు లోపలిదాకా వచ్చాయి,
తీగలు మాత్రం రోడ్డు దగ్గరే ఆగిపోయాయి.
స్తంభానికో కాకి
సర్వీసుకి దరఖాస్తు పెట్టుకున్నట్టు కూర్చుంటుంది.

మానులన్నీ మాఘంలోనే లారీ ఎక్కేశాయి.
"కొమ్మా రెమ్మా నువ్వు తీసుకో ఎరకయ్యా,
దుంగలు మాత్రం ముట్టుకోకు" అన్నాడట మేస్త్రి.
నాన్న ముట్టుకోలేదు.
జేసీబీ పెకలించి గట్టున పడేసిన వేళ్ళ గురించి
మేస్త్రి ఏమీ అనలేదు కదా,
అందుకని వేళ్ళన్నీ మావే.

వేళ్ళు గొడ్డలికి లొంగవు.
మేకు దిగేసి, సమ్మెటతో కొట్టి,
చీలికకొక బీడీ చొప్పున కాల్చాడు నాన్న.
ఒక వేరైతే రాయిని గుప్పిట్లో పట్టుకునే వచ్చింది.
ఎంత కొట్టినా వదల్లేదు.
సరే అని రాయితో సహా పొయ్యిలో పెట్టింది అమ్మ.
వేరు బూడిదైంది. రాయి తెల్లారేదాకా వేడిగానే ఉంది.
ఇప్పుడా రాయి, పాత చీరముక్కలో చుట్టి,
రోజూ రాత్రి నా పాదాల దగ్గర పడుకుంటుంది.

పచ్చికట్టె ఏడిపిస్తుందని
వేసవంతా ఎండబెట్టి, వానల్లో టార్పాలిన్ కప్పి,
షెడ్డులో నాకన్నా ముందు కట్టెలకి చోటిచ్చింది అమ్మ.
నీలగిరి తొందరమనిషి, భగ్గుమని చల్లారిపోతుంది.
తుమ్మ మాట తక్కువ, నిప్పుని దాచుకోవడం తెలుసు.
జీడివేరు మాత్రం
తిట్టుకుంటూనే పనంతా చేసే మా మేనత్తలా
చిటపటలాడుతూ కాలుతుంది.

మార్గశిరం మంచు రేకుల కింద చెమటై కారుతుంది.
దూరంగా మధురవాడ మేడలు
ఎవరూ మేలుకోని గదుల్లో కూడా దీపాలు పెట్టుకుని ఉంటాయి.
"బాలింతరాలివి, సల్లబడితే నానేటి సెప్పను మీ అత్తోరికి"
అంటూ మంచం కిందికి కుంపటి తోస్తుంది అమ్మ,
నిప్పుల మీద వాము చల్లుతుంది,
తలుపు జానెడు తీసే ఉంచుతుంది.
పొగకీ ఓ దారుండాలి.

ఈ తోటలోనే అమ్మ పిక్కలేరింది.
ఆ పిక్కలే బట్టీ దగ్గర కొట్టింది, పంతొమ్మిదేళ్ళు.
బూడిద పూసుకున్నా ఊరుకోలేదు జీడిరసం,
బొటనవేలి గీతలు ఒక్కొక్కటే నాకేసింది.

నాన్న కార్డులో ఊరు తప్పు పడిందని
మీటరు అమ్మ పేరున పెట్టాం.
ఆఫీసులో మెషీను అమ్మ వేలిని ఏడుసార్లు చూసి
ఏడుసార్లూ ఎర్రదీపం వెలిగించింది.
తుడవమన్నారు. తడి చెయ్యమన్నారు. ఇంకో వేలన్నారు.
పదివేళ్ళూ అయిపోయాక ఆ కుర్రాడే మొహం దించుకుని
"మీరు మీరేనని ఇది ఒప్పుకోవట్లేదండీ" అన్నాడు.
"మరి నానెవుల్ని బాబూ?" అని అడిగిందట అమ్మ,
నిజంగానే తెలుసుకోవాలన్నట్టు.

ఆ వేళ్ళకి వేడి కూడా సరిగా తెలీదు.
పట్టకారు వెతక్కుండా
పొయ్యిలోంచి నిప్పుకణిక ఉత్తచేత్తో తీసి
కుంపట్లో వేస్తుంది, చింతగింజ తీసినట్టు.
నేను అరుస్తాను.
పసిదాన్ని లేపకంటుంది.

నిన్నరాత్రి కుంపటి వెలుగులో
నా కూతురి పిడికిలి విప్పి చూశాను.
బియ్యపుగింజంత మెత్తటి చోట
గీత పక్కన గీత, సుడిలో సుడి,
ఇంకా ఎవరి పిక్కలూ ఏరని వేలు.
మూసేశాను, చలి తగులుతుందని.

సోమవారం నలభై ఒకటికి రిజిస్ట్రేషనట.
కట్టెలన్నీ యాభై ఆరు దగ్గరికి మోయాలి, మంచం కూడా.
నాన్న బయట పేర్పు చుట్టూ తిరుగుతూ లెక్కపెడుతున్నాడు,
మణుగుల్లో కాదు, రాత్రుల్లో:
ఇరవై మూడు, ఇరవై నాలుగు...
తడిసిన ఆ మొద్దుని కలపాలా వద్దా అని
అమ్మనడుగుతున్నాడు.